కాగు పక్కన పీట

ఇలా రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. అటు పక్క కాదు, ఆ చెవి నాకు సగమే పనిచేస్తుంది. ఎడమ పక్కకి వచ్చి కూర్చోండి. టీ చల్లారిపోతోంది, చక్కెర బిళ్ళ పంటి కింద పెట్టుకుని ఒక్కో గుక్కా తాగుతూ వినండి. నాకు చదువు లేదు, సంతకం కూడా వేలిముద్రే. కానీ కళ్ళతో చూసింది ఏదీ నా బుర్రలోంచి పోదు, అది అదృష్టమో ఖర్మో ఆ దేవుడికే తెలియాలి. ఆ మూల కాగుకి ఇవతల, కాలవ పక్కన అక్రోటు చెక్క పీట ఉంది చూశారా, ఒక కాలు కొంచెం పొట్టిగా, కూర్చుంటే ఊగుతుంది. ఒక గులాబీ కాలమంతా మా ఇల్లు ఆ పీట చుట్టూ తిరిగింది. ఆ సంగతి చెబుతాను.

ఆ ఏడు చలికాలంలో మా ఆయన మష్ హబీబ్ కన్నుమూశాడు. మా ఖంసర్ లోయలో గులాబీ పన్నీరు కాచని ఇల్లు లేదు. అందరివీ అవే గులాబీలు, అవే రాగి కాగులు, అదే కొండ నీళ్ళు. తేడా అంతా పీట మీద కూర్చునే మనిషి ముక్కులో ఉంటుంది. ఆవిరి గొట్టంలో చల్లబడి కూజాలోకి చుక్కలుగా దిగుతుంటే, ఆ మనిషి వాసన చూసి ఇప్పుడు మంట తగ్గించండి అంటాడు, ఇప్పుడు కూజా మార్చండి అంటాడు. తొందరపడితే పచ్చి వాసన, ఆలస్యమైతే మాడు వాసన. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ పీట మా ఆయనదే. పోయే ముందు, చిన్నకొడుకు హాషెమ్ కాళ్ళ దగ్గర నిలబడి ఉండగానే, మనవరాలి చెయ్యి పట్టుకుని "పీట ఫిరూజేది" అన్నాడు.

ఫిరూజే మా పెద్దవాడి కూతురు. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి లారీ వేసుకుని దక్షిణాన ఓడరేవుల దాకా తిరుగుతుంటాడు, ఇంటికి వచ్చేది చుట్టంలాగే. పిల్ల మా ఒళ్ళో పెరిగింది. నడక రాకముందే తాత పక్కన కూర్చుని కూజా మూతి వాసన చూసేది. పచ్చి వాసన వస్తే మొహం చిట్లించేది, తేనె వాసన రాగానే కాళ్ళు ఊపేది. మా ఆయన దాని కాళ్ళు చూసి మంట తగ్గించమనేవాడు.

హాషెమ్ ఆ రోజు అడ్డు చెప్పలేదు. తండ్రి అడిగితే ఇంకో మాట మాత్రం ఇచ్చాడు, సిగరెట్టు మానేస్తానని. మా ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుంది: ఉల్లిపాయ తిన్న నోరు, పొగ తాగిన నోరు కాగు దగ్గరికి రాకూడదు. హాషెమ్ ఖురాను మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. వాడి పెళ్ళాం మన్సూరె ఆ ఒట్టు సంగతి ఊరంతా చెప్పుకుని మురిసిపోయింది.

మా ఆయన పోయిన నలభయ్యో రోజున సమాధుల దగ్గరికి హల్వా తీసుకెళ్ళాం. మెట్ల మీద మంచు గడ్డకట్టి ఉంది. ఫిరూజే పెద్ద పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని దిగుతూ జారింది. పళ్ళెం వదిలేసి ఉంటే చేతుల మీద పడేది. వదల్లేదు. పళ్ళెం అంచుకి ముక్కు కొట్టుకుంది. హల్వా ఒక్క ముక్క కింద పడలేదు, పిల్ల ముక్కు మాత్రం పక్కకి ఒరిగింది.

కొత్త ఏడాది నౌరోజ్ పండుగకి చుట్టాలు వచ్చి బుగ్గలు ముద్దుపెట్టుకుంటున్నప్పుడు తెలిసింది, ఎడమవైపు దానికి గాలే ఆడడం లేదని. కాషాన్ పట్నానికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ లోపలికి దీపం వేసి చూసి, లోపలి గోడ విరిగి అడ్డం పడిందని, కోసి సరిచేయాలని చెప్పింది.

"వాసన మాటేమిటి?" అని అడిగింది ఫిరూజే. నొప్పి ఎంత, మచ్చ పడుతుందా, ముక్కు ఎలా ఉంటుంది, అవేవీ అడగలేదు.

"ఇలాగే వదిలేస్తే ఉన్న సగం కూడా పోవచ్చు. చేయించుకుంటే వాపు దిగాక వస్తుంది. ఎప్పుడు దిగుతుందో నేను మాట ఇవ్వలేను. పైకి కనిపించే వాపు కొన్ని వారాల్లో దిగుతుంది, లోపలిది మొండిది. నువ్వెంత బుద్ధిగా ఉంటే అంత త్వరగా."

"గులాబీలు విచ్చేలోపు చేసెయ్యండి," అంది ఫిరూజే.

మా దేశంలో ముక్కు మీద కట్టు కట్టుకుని వీధిలో పోయే ఆడపిల్లని ఎవరూ ఆగి చూడరు. నగరంలో అందం కోసం ముక్కు కోయించుకున్నవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. అందుకే మా వీధిలో కూడా అందరూ అదే అనుకున్నారు, తాత పోయాడో లేదో పిల్ల అందానికి పోయిందని. హాషెమ్ అయితే ఆస్పత్రి నుంచి వచ్చిన సాయంత్రమే గుమ్మంలో నిలబడి అనేశాడు.

"మా నాన్న ఈ ముక్కుని నమ్ముకుని పీట ఇచ్చాడు. నువ్వు దాన్నే కోయించుకొచ్చావు."

ఫిరూజే కళ్ళ కింద నేరేడుపండు రంగు. ముక్కు మీద తెల్లటి గట్టి కట్టు. నోటితో గాలి పీలుస్తూ, మెల్లగా, "కోయించుకోలేదు అమూ, బాగు చేయించుకున్నాను," అంది. బాబాయిని అది అమూ అంటుంది.

"బాగైందని ఎలా తెలుస్తుంది? సరే, అన్నగారి బిడ్డవి. ఈ ఏటి పూల కోతలో ఆఖరి కాగు దాకా చూస్తాను. ఆ కాగు దగ్గర నువ్వు ఒక్కదానివే కూర్చుని వాసన చూసి చెప్పు. చెప్పలేకపోతే అవతలి లోయలో పన్నీరు వాసన పట్టే అబ్బాస్‌ని పిలుస్తాను, వచ్చే ఏటి నుంచి పీట వాడిది. ముక్కు లేని పన్నీరు నేను అమ్మలేను."

"ఆఖరి కాగు దాకా అన్నావు. మధ్యలో మాట మార్చకు."

వాడు తల ఊపి వెళ్ళాడు. ఫిరూజే నా వైపు తిరిగింది. నానమ్మనైన నన్ను బీబీ అంటుంది.

"బీబీ, నీకు అక్షరాలు రావు, నాకు కళ్ళు సరిగా తెరుచుకోవడం లేదు. డాక్టరమ్మ చెప్పినవన్నీ నువ్వు నాకు అప్పజెప్పు. తల?"

"గుండె కన్నా ఎత్తులో. కూర్చున్నా, పడుకున్నా."

"మంచు?"

"బుగ్గల మీద, కళ్ళ పక్కన. ముక్కు మీద కాదు."

"ఉప్పు?"

"విషం."

"విషమని ఆవిడ అనలేదు, తగ్గించమంది."

"తగ్గించమంటే నా చెయ్యి ఆగదు తల్లీ. విషమనుకుంటే ఆగుతుంది."

"వంగడం?"

"నీ చెప్పులు కూడా నేనే తొడుగుతాను."

"ఏడుపు?"

"ఏడిస్తే వాస్తుంది. అందుకని నీ ముందు మీ తాత మాట ఎత్తను."

"నేను ఎత్తుతాను," అంది అది. "ఏడవకుండా ఎత్తుతాను, చూడు."

ఇంట్లో ఉన్న పరుపులు, బొంతలు అన్నీ గోడకి పేర్చి దానికొక సింహాసనం కట్టాను. దాని మీద ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. మంచుగడ్డలు కరిగి మెడలోకి కారుతున్నాయని, గడ్డకట్టిన చిక్కుడు గింజల సంచులు గుడ్డలో చుట్టి బుగ్గల మీద పెట్టాను. రెండు రోజులు అవే పెట్టి, తీసి, మళ్ళీ గడ్డకట్టించి పెట్టాను. ఆ తరవాత ఆ గింజలతోనే సోయకూర వేసి పులావు వండితే హాషెమ్ రెండోసారి వడ్డించుకుని తిన్నాడు. మన్సూరెకి తెలుసు, వాడికి చెప్పలేదు.

ఉప్పు సంగతే పెద్ద యుద్ధం. మా ఇంట్లో జున్ను ఉప్పునీళ్ళలో ఉంటుంది, ఊరగాయ లేని పళ్ళెం ఉండదు, మజ్జిగలో ఉప్పు లేకపోతే దాన్ని మజ్జిగ అనరు. దానికి వేరే వండితే నోరూరుతుందని ఇంటిల్లిపాదికీ ఉప్పు ఆపేశాను. జున్ను ముందు రోజే మంచినీళ్ళలో నానేసేదాన్ని. ఊరగాయ జాడీల మీద నా శాలువా కప్పేశాను.

"ఈ మజ్జిగ గిన్నెలు కడిగిన నీళ్ళలా ఉందమ్మా," అన్నాడు హాషెమ్.

"తాగు. గిన్నెలు శుభ్రంగానే కడుగుతాను."

పరామర్శకి వచ్చినవాళ్ళంతా అనాసపండు డబ్బాలే తెచ్చారు. మా దగ్గర కడుపునొప్పికైనా కాలు విరిగినా అదే పట్టుకొస్తారు. ఒక్కొక్కళ్ళూ మూడు ముద్దులు పెట్టబోతే నేను మధ్యలో నిలబడి నా బుగ్గ చూపించేదాన్ని. దాని వాటా ముద్దులన్నీ నేనే తిన్నాను.

కట్టు తీసిన రోజు డాక్టరమ్మ అద్దం అందించింది. ముక్కు ఉడికించిన బంగాళాదుంపలా ఉంది, నిజం చెప్పాలి కదా. చివర ఎర్రగా, పైన పసుపుపచ్చగా, కళ్ళ మధ్య అసలు గట్టే లేనట్టు. నేను నేల చూపులు చూశాను. ఫిరూజే అద్దం వైపు చూడనేలేదు. సంచిలోంచి చిన్న సీసా తీసింది. కిందటేడు మా ఆయన చేత్తో దిగిన రెండు కాకల పన్నీరు, అంటే ఒకసారి కాచిన పన్నీరునే మళ్ళీ కొత్త రెక్కల మీద పోసి కాచింది. గదికి ఆ చివర మూత తీస్తే ఈ చివర తెలుస్తుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏముంది?" అన్నాను.

"నీళ్ళు," అంది, మూత బిగించింది. "మీరు ఆ అంటించే పట్టీలు ఎలా వేయాలో చూపించండి డాక్టర్."

అప్పటి నుంచి ప్రతి పొద్దునా అంతే. లేవగానే వాపు ఎక్కువగా ఉండేది, మధ్యాహ్నానికి కాస్త మెత్తబడేది. లేవగానే సీసా మూత తీసేది, వాసన చూసేది, మూత పెట్టేసేది. "నీళ్ళు" అనేది. తరవాత ఉప్పునీటి చుక్కలతో ముక్కు కడుక్కుని, పట్టీలు వేసుకుని, ఎండ తగలకుండా వెడల్పు టోపీ పెట్టుకుని కాలవ గట్టు వెంట మెల్లగా నడిచేది. నడిస్తే వాపు దిగుతుందంటే వాన తుంపరలో కూడా నడిచింది. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మేది, గాడిద ఓండ్రపెట్టినట్టుండేది. నవ్వు వచ్చేది మాకు. దానికి నవ్వడానికి కూడా వీల్లేదు, పైపెదవి లాగుతుందని పెదవులు బిగించుకుని కళ్ళతోనే నవ్వేది.

ఇంకేం, వాపు సగానికి సగం దిగింది అనుకుంటున్నాం. గులాబీ మొగ్గలు కొసలు ఎర్రబడుతున్నాయి. అప్పుడు వచ్చింది కాషాన్ నుంచి మా చెల్లెలు అఖ్తర్.

అఖ్తర్ మనసు వెన్న, చెయ్యి దుడుకు. నేను కాలవలో పూడిక తీయించడానికి తోటకి వెళ్ళాను. తిరిగి వస్తుంటే వీధి మొదట్లోనే పన్నీరు ఆవిరి వాసన. కోత మొదలవలేదు, ఎవరింట్లోనూ కాగు పెట్టలేదు, ఈ వాసన ఎక్కడిదని పరుగెత్తాను. ఇంట్లోకి వెళ్ళేసరికి ఫిరూజే తల మీద తువ్వాలు, ముందు సలసల కాగే గిన్నె.

"తియ్యి," అన్నాను.

తువ్వాలు తీసింది. మొహమంతా కందిపోయింది. ముక్కు మళ్ళీ లేచింది, వంకాయలా.

"ఏమైందిప్పుడు?" అంది అఖ్తర్. "మన లోయలో పన్నీటి ఆవిరికి తగ్గని ముక్కు ఉందా? మీ ఆయన జలుబు చేసినవాళ్ళందరికీ ఇదే పెట్టేవాడు కాదూ? దారి తెరుచుకుంటుందని పెట్టాను."

నేను నోరు తెరవబోయాను. ఫిరూజే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఖాలెని ఏమీ అనకు బీబీ. వద్దని చెప్పడం నాకు రాదా? ఆకాజాన్ పెట్టినట్టే ఉంటుందనిపించింది. పెట్టించుకున్నాను."

అఖ్తర్‌ని అది ఖాలె అనేది, తాతని ఆకాజాన్. ఆయన పోయాక ఆ పిలుపు దాని నోట వినడం అదే మొదలు.

డాక్టరమ్మకి ఇంటి ఫోను నుంచి చేశాం. "వేడి తగలకూడదని చెప్పానా లేదా? ఎముక కదిలి ఉండదు, రేపు తీసుకురండి చూస్తాను. వాపు మాత్రం వెనక్కి వెళ్ళింది. మళ్ళీ మొదటి నుంచి," అంది.

"మొదటి నుంచి అంటే మొదటి నుంచే," అని ఫిరూజే ఫోను నాకిచ్చి, తనంతట తానే వెళ్ళి పరుపుల సింహాసనం ఎక్కింది. "బీబీ, చిక్కుడు గింజలు మిగిలాయా?"

అఖ్తర్ వంటింటి గుమ్మంలో కూలబడి వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"ఏడవండి ఖాలె," అంది ఫిరూజే అక్కడి నుంచే. "నా వంతు కూడా మీరే కానిచ్చెయ్యండి, నాకు కుదరదు."

గులాబీలు ఎవరి కోసమూ ఆగవు. ఒక తెల్లవారుఝామున హాషెమ్ వచ్చి కింది తోట విచ్చిందన్నాడు. ఎండ ఎక్కకముందే కోయాలి, ఎండ తగిలితే వాసన ఎగిరిపోతుంది. ఫిరూజే అప్పటికే బయట నిలబడి ఉంది. టోపీ, పట్టీలు, నడుముకి గుడ్డ సంచి.

"వంగకూడదు," అన్నాను.

"వంగను. గుండె కన్నా పైన ఉన్నవన్నీ నావి, కింద ఉన్నవన్నీ నీవి."

అలాగే కోశాం ఆ కాలమంతా. ఒక్కో పొదకి పై సగం అది, కింది సగం నేను. ఊళ్ళో ఆడాళ్ళంతా సంచి మెడకి కట్టుకుంటారు. మెడ ముందుకి లాగుతుందని అది నడుముకి కట్టుకుంది. పక్క తోటవాళ్ళు మమ్మల్ని చూసి, "హబీబ్ గారి ఇంట్లో ఇద్దరు కలిస్తే ఒక కూలీ" అని నవ్వుకున్నారు. నా నడుం నాకు తెలుసు, నవ్వేవాళ్ళకేం.

కాగు దగ్గర ఇంకో తంటా. మంట సెగ తగలకూడదు. తాత కూర్చున్న చోటు నుంచి పీట ఎత్తించి, గొట్టం చివర కూజా చన్నీళ్ళలో మునిగి ఉండే కాలవ పక్కకి మార్పించింది. హాషెమ్‌కి ఒళ్ళు మండింది.

"మా నాన్న చోటు కూడా మార్చేశావా?"

"చోటు మార్చాను అమూ, పీట అదే. ఆఖరి కాగు ఇంకా రాలేదు."

పీట మీద అది కూర్చునేది, పక్కన నేల మీద నేను. వాసన నేను చూడాలి, నిర్ణయం అది చెయ్యాలి. నా ముక్కుకి పప్పు మాడిందా లేదా తెలుస్తుంది, అంతకు మించి ఎప్పుడూ ఎవరూ దాన్ని అడగలేదు.

"ఇప్పుడెలా ఉంది?"

"బాగుంది."

"బాగుంది అంటే కుదరదు బీబీ. గడ్డి కోసినట్టుందా?"

"ఆ... తడి గడ్డి. దోసకాయ చెక్కు తీసినట్టు."

"ఇంకా పచ్చిగా ఉంది. కాసేపు ఆగుదాం. ఇప్పుడు?"

"గోధుమ హల్వా వేయించేటప్పుడు మొదట వచ్చే వాసన."

"మంట తగ్గించండి," అని కేకేసేది.

నాలుగో ఐదో కాగులయ్యేసరికి నా ముక్కు మొద్దుబారిపోయేది. అప్పుడది తాత చేసినట్టే గొట్టం మీద చెయ్యి పెట్టి వేడి చూసి, చుక్క పడే చప్పుడు విని చెప్పేది. కొన్నిసార్లు కుదిరింది. ఒకసారి మాడింది. ఆ కాగు పన్నీరంతా చెట్ల మొదట్లో పారబోయించింది, హాషెమ్ చూస్తుండగానే. "ఇద్దరు ఆడాళ్ళకి కలిపి ఒక్క ముక్కు," అన్నాడు వాడు. "అదీ ముసలిది," అన్నాన్నేను.

టెహ్రాన్ నుంచి బస్సుల్లో జనం వస్తారు కదా కాగులు చూడ్డానికి. ఆ ఆడపిల్లల్లో ఇద్దరు ముగ్గురికి ముక్కు మీద పట్టీలు. వాళ్ళు కాగుని వదిలేసి ఫిరూజే చుట్టూ చేరారు.

"ఎవరు చేశారు నీకు? వాపు చాలా బాగా దిగింది. కొస ఎంత సన్నగా వస్తోందో."

"నా కొస సంగతి తరవాత," అంది ఫిరూజే. "మీకు చేయించుకున్నాక వాసన ఎన్నాళ్ళకి వచ్చింది?"

"అది గమనించలేదు," అందొక పిల్ల. ఫిరూజే ఆ పిల్లని కాసేపు చూసి, సీసా తీసి దాని ముక్కు దగ్గర పెట్టింది. ఆ పిల్ల కళ్ళు మూసుకుని నవ్వింది. "అదృష్టవంతురాలివి. గమనించు," అంది ఫిరూజే.

పొద్దున్నే సీసా మూత తీయడం మాత్రం మానలేదు. నీళ్ళు. నీళ్ళు. నీళ్ళు. ముక్కు సన్నబడింది, కళ్ళ మధ్య గట్టు తేలింది, ఎడమవైపు గాలి కూడా సాఫీగా ఆడుతోంది. బరువులు ఎత్తచ్చు, వంగచ్చు అని డాక్టరమ్మ చెప్పింది. వాసనకి మాత్రం ఇంకొంచెం ఆగమంది. పొదల మీద పూలు పలచబడ్డాయి. చివరికి ఒక పొద్దున నా సంచి అడుగు కూడా నిండలేదు.

ఆఖరి కాగు ఎక్కింది. హాషెమ్ వచ్చాడు. మన్సూరె, అఖ్తర్ గోడ వారన నిలబడ్డారు. నన్ను దూరంగా ఉండమని వాడు చెప్పనక్కర్లేదు, నేనే వెళ్ళి అక్రోటు చెట్టు కింద కూర్చున్నాను. ఫిరూజే పీట మీద కూర్చుంది. చుక్కలు మొదలయ్యాయి. కూజా మూతి మీదకి వంగింది. చాలాసేపు వంగే ఉంది. వంకాయలా వాచినప్పుడు కూడా దాని వీపు అంత బిగిసి ఉండగా చూడలేదు నేను.

తల ఎత్తింది.

"ఏమీ తెలియడం లేదు అమూ."

అబద్ధం ఆడచ్చు. చుక్క చప్పుడు విని ఏదో ఒకటి చెప్పచ్చు, సగం సార్లు కుదిరేదే కదా. ఆడలేదు. లేచి పీట పక్కకి పెట్టింది.

హాషెమ్ గెలిచినవాడిలా లేడు. తండ్రి ఇంకోసారి పోయినట్టు నిలబడ్డాడు. "అబ్బాస్‌కి ఫోను చేసి వస్తాను," అని కొండ మలుపు దాటి వెళ్ళాడు, అక్కడైతేనే వాడి సెల్లు ఫోను అందుతుంది.

"బీబీ, ఈ కాగు నువ్వు చూసెయ్యి. పని ఆపకూడదు," అంది ఫిరూజే.

చూశాను. దిగింది. మూత తీశారు. ఉడికిన పిప్పిని తట్టలో నింపారు. తట్ట ఎత్తుకుని అది ఇంటి వెనక్కి వెళ్ళింది. అక్కడ పిప్పికుప్ప ఉంటుంది, కాలమంతా పోసిన పిప్పి పులిసి, కుళ్ళి, ఆవిర్లు కక్కుతూ. గులాబీలకి ఆ గతి పడుతుందని బస్సుల్లో వచ్చేవాళ్ళకి మేం చూపించం. మేకలు కూడా అటు పక్క నుంచి చుట్టు తిరిగి పోతాయి.

వెళ్ళింది, రాలేదు. ఏడుస్తోందేమో, ఇన్నాళ్ళు ఆపుకున్నది ఇప్పుడు ఏడిస్తే ఏడవనీ అనుకున్నాను. ఎంతకీ రాకపోతే వెళ్ళాను. కుప్ప పక్కన నిలబడి ఉంది. ఖాళీ తట్ట చంకలో. మొహం చిట్లించి ఉంది, చంటిపిల్లప్పుడు పచ్చి వాసనకి చిట్లించినట్టే.

"బీబీ," అంది, "ఇక్కడ కంపు కొడుతోంది."

నా తలగుడ్డ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోబోయి ఆగిపోయాను.

"ఎడమవైపు ముందు వచ్చింది," అంది. ఇంకో అడుగు ముందుకి వేసి గట్టిగా పీల్చింది. ఆ కుప్ప ముందు నిలబడి అంత ఇష్టంగా గాలి పీల్చిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. "ఎంత దరిద్రంగా ఉందో."

"పద, సీసా తీసి చూడు."

"సీసా తరవాత. పీట దగ్గరికి పద."

మేం వచ్చేసరికి హాషెమ్ కొండ మలుపు నుంచి దిగుతున్నాడు. ఫిరూజే పీట లాక్కుని కూర్చుంది. వాడు కాగు దగ్గరికి వచ్చాడు.

"అబ్బాస్ రేపు పొద్దున వచ్చి అన్నీ చూసుకుంటానన్నాడు."

"అమూ, రెండడుగులు వెనక్కి జరుగు."

"ఏం?"

"ఆకాజాన్ కట్టుబాటు. పొగ తాగిన నోరు కాగు దగ్గరికి రాకూడదు." తల కొంచెం పక్కకి వంచింది. "పైన పుదీనా నమిలావు. కింద సిగరెట్టు ఉంది. ఇప్పుడే తాగింది."

మన్సూరె గోడ వార నుంచి ఇవతలికి వచ్చింది. "ఏం పుదీనా?" అంది.

హాషెమ్ మొగుడిలా లేడు, కొడుకులా లేడు, దొంగతనంగా పంచదార తిన్న పిల్లాడిలా ఉన్నాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. మూడోది కూడా వేశాడు. ఫిరూజే ముక్కు వైపు చూశాడు, పట్టీ చివర ఊడి లేచి ఉన్న ఆ చిన్న ముక్కు వైపు. జేబులోంచి ఫోను తీసి, మళ్ళీ కొండ మలుపు దాకా నడిచాడు. ఈసారి గట్టిగానే మాట్లాడాడు, మా అందరికీ వినిపించింది.

"అబ్బాస్, రేపు రావద్దులే. లేదు, ఏం కాలేదు. మా ఇంట్లో ముక్కు ఉంది."

వచ్చి కాలవలో నోరు పుక్కిలించి, మొహం కడుక్కుని, పీటని ఎత్తి, "సెగ తగలకూడదన్నావు కదా, ఇటే ఉంచనా?" అని అడిగాడు.

"ఈ ఏటికి ఇటే ఉండనీ అమూ," అంది అది. "డాక్టరమ్మ ఏడాది దాకా జాగ్రత్తగా ఉండమంది."

ఆ రాత్రి అన్నంలో ఉప్పు వేశాను, చిటికెడే. మన్సూరె మొగుడితో మాట్లాడ్డానికి మాత్రం ఇంకా చాలా రోజులు పట్టింది, అది వేరే సంగతి.

ఇంతే. టీ అయిపోయినట్టుంది, కప్పులు అక్కడ పెట్టండి. నేను పోయాక ఈ పీట చూసి ఎవరైనా అడుగుతారు, ఇది అక్కడి నుంచి ఇక్కడికి ఎందుకు వచ్చిందని. అప్పుడు చెప్పండి. తల ఎత్తులో పెట్టుకుని కూర్చున్న రోజులు చెప్పండి, పై సగం కింది సగం చెప్పండి, అఖ్తర్ ఆవిరి కూడా చెప్పండి, దాని ఆత్మ ఏమీ అనుకోదు. కానీ గులాబీ వాసన తిరిగొచ్చిందని ముగించకండి, అది అందంగా ఉంటుందని. దానికి మొదట తిరిగొచ్చింది ఆ కుప్ప కంపు. దాన్ని వదిలేసి చెబితే అది ఫిరూజే కథ కాదు.